కలిపి వాడాలి

కర్నూలు ఊరవతల, నంద్యాల రోడ్డు పక్కన ఉన్న ఆ వృద్ధుల హోముకు నేను పోయింది పనివాళ్ల భద్రత ఎట్లా ఉందో చూడడానికి. గేటు దాటి లోపల కాలు పెట్టానో లేదో, మేనేజరు ఒక మనిషి బతుకుతెరువు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మేడం, ఒక ఆయాను పంపించేయాల. ఈ పనికి పనికిరాదని మీరు ఒక్క మాట రాస్తే సాలు. మిగతాది నేను చూసుకుంటా."

నేనింకా మంచినీళ్లు కూడా తాగలేదు. కడప నుంచి బస్సులో కుదిపి కుదిపి తెచ్చిన నడుము ఇంకా సర్దుకోలేదు. అతనికి మాత్రం తొందర.

నా ఉద్యోగమంతా కడపలో, ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా గడిచింది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే నా నోరు ఊరుకోదు, వీధిలో ఎవరో ఒకరితో తగాదా తెస్తుంది. అందుకని ఒక ట్రస్టువాళ్లు పిలిస్తే సరేనన్నాను. కర్నూలులో ఒకటి, బద్వేలులో ఒకటి వాళ్లకు హోములున్నాయి. ముసలివాళ్లకు అన్నం సరిగ్గా పెడుతున్నారా, మాత్రలు వేళకు ఇస్తున్నారా అని చూడడానికి వేరేవాళ్లు వస్తారు. నేను చూసేది ఆ ముసలివాళ్లను చూసుకునే మనుషుల్ని. మంచం మీది మనిషిని లేపేటప్పుడు ఆయా నడుము పట్టేస్తోందా, వాడిన సూది ఎవరి వేలికైనా గుచ్చుకుంటోందా, తడి నేల మీద ఎవరైనా జారుతున్నారా, వీటికోసం పెట్టిన ఏర్పాటు కాగితం మీదే ఉందా, పనిలో కూడా ఉందా అని ఏడాదికొకసారి చూసి రిపోర్టు రాయాలి. కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మేనేజరు కర్నూలులో కిరాణా హోల్‌సేలు వ్యాపారం చేసుకునే కుటుంబంలోని మనిషి. అంగడి నడిపినట్టే హోము నడుపుతాడు. సరుకు ఎప్పుడు తెప్పించాలో, నీళ్ల ట్యాంకరు ఎప్పుడు పిలవాలో అతనికి బాగా తెలుసు. ముసలివాళ్లతో మర్యాదగా మాట్లాడతాడు, పండగలకు వాళ్లను మహానందికి తీసుకుపోయి కోనేట్లో కాళ్లు తడిపించి తీసుకొస్తాడు. చెడ్డవాడు కాదు. నాకు చిరాకు తెప్పించేది కూడా అదే. చెడ్డవాడైతే తిట్టడం సులువు.

"ఏమైందప్పా ఆ ఆయాకు?" అని అడిగాను.

"దగ్గు మేడం. రెండు నెలలాయ. టీబీ అని నా అనుమానం. ముసిలోళ్లకు అంటుకుంటే వాళ్ల పిల్లోళ్లు నన్ను బతకనిస్తారా?"

"పరీక్ష చేయించినావా?"

"ఎందుకు మేడం, దగ్గు వినపడతానే ఉండాది కదా."

"నువ్వు చెవితోనే ఎక్స్‌రే తీస్తావా అప్పా?"

అతను నవ్వలేదు. సాయంత్రం బస్సుకు ఆమెను ఊరికి పంపించడానికి అంతా సిద్ధం చేసి పెట్టుకున్నాడని అర్థమైంది. నా సంతకం ఉంటే తనను ఎవరూ అడగరు. నేను రాస్తే ఆమె పని పోతుంది. పని పోవడం ఒక్కటే కాదు, 'టీబీ' అనే మాట ఆమెకంటే ముందు ఊరు చేరుతుంది. ఆ మాట పడిన ఇంటికి మళ్లీ ఎవరూ పని ఇవ్వరు, ఆ ఇంటి చెంబుతో ఎవరూ నీళ్లు తాగరు. వార్డులో అట్లాంటి ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. జబ్బు నయమై ఇంటికి పోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. నాకు కోపం వచ్చింది, కానీ కోపాన్ని రిపోర్టులో రాయలేం.

"మనిషిని చూస్తా. తర్వాత చెప్తా," అన్నాను.

ఆమె వెనక వరండా చివరి గదిలో ఉంది. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయిన అవ్వను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించుతోంది. నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను, ఎందుకంటే మనం లోపలికి పోతే ఎవరైనా సరే పరీక్ష రాసే పిల్లల్లాగా బిగుసుకుపోతారు. ఆమె మోకాళ్లు వంచి, అవ్వను తన ఛాతీకి ఆనించుకుని, నడుము తిప్పకుండా కాళ్లు తిప్పి కుర్చీలో కూర్చోబెట్టింది. నలభై ఏళ్లు దాటని మనిషి, ఎండకు కాగిన చేతులు, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. అవ్వను కూర్చోబెట్టాక గోడకు తిరిగి దగ్గింది. పొడి దగ్గు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దానికి దగ్గు ఉండాదని పొమ్మంటాండారంట," అంది అవ్వ, నేనెవరో అడగకుండానే. "అది పోతే నాకు నీళ్లు పోసేదెవరు? ఇంగొగర్తి చెయ్యేస్తే నేను ఒప్పుకోను. చెప్పు పో మీ వాళ్లకి."

ఆయాను బయటికి పిలిచి అడిగాను. సాయంత్రాలు జ్వరం వస్తుందా, రాత్రి చెమటలు పడతాయా, అన్నం సహిస్తోందా, రవికలు వదులయ్యాయా. దేనికీ అవునని అనలేదు. ఆమెది ఎమ్మిగనూరు అవతల పల్లె. వారమంతా ఇక్కడే ఉండి ఆదివారం ఇంటికి పోయి వస్తుంది.

"దగ్గు ఎప్పుడూ ఒకేలా ఉంటుందా?"

"లేదమ్మా. వారంలో ఒగ రెండు దినాలు శానా వస్తాది. గుండెల్లో మిరపకాయలు రుద్దినట్లుంటాది. ఊరికి పోతే తగ్గుతాది. మళ్లా వస్తే మళ్లా మొదలు." అంతవరకూ బాగానే చెప్పి, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నన్ను పంపియొద్దమ్మా. నీ కాళ్లు మొక్కుతా. దగ్గొస్తే బయటికి పోయి దగ్గి వస్తా."

నాకు కాళ్లు మొక్కించుకోవడం అసహ్యం. చెయ్యి వెనక్కి తీసుకుని కొంచెం గట్టిగానే "పనిచూసుకో పో" అన్నాను. కానీ మనసులో ఒక ముల్లు దిగబడింది. ఆదివారం సెలవు తీసుకునే టీబీని నేనెక్కడా చూడలేదు.

తర్వాత మేనేజరు ఆయాలందరినీ భోజనాల గదిలో వరసగా నిలబెట్టాడు. ట్రస్టు పంపిన శిక్షకుడు ఒకతను హైదరాబాదు నుంచి వచ్చి, తెర మీద బొమ్మలు వేసి వీళ్లకు జాగ్రత్తలు నేర్పి పోయాడు. నేర్చుకున్నది నాకు వినిపించాలని మేనేజరు తాపత్రయం. బడిలో ఎక్కాలు అప్పజెప్పించినట్టు తనే ప్రశ్నలు అడిగాడు.

"సూది వాడినాంక?"

"మూత పెట్టకూడదు, డబ్బాలో ఎయ్యాల!"

"నేల తుడిచినాంక?"

"పసుపు పలక నిలబెట్టాల!"

"బాత్రూము మందు ఎట్లా వాడాల?"

"కలిపి వాడాల!"

అందరూ ఒకే రాగంలో అన్నారు. నా దగ్గరున్న కాగితంలో కూడా ఆ జవాబే ఉంది. కలిపి వాడాలి. అంటే నీళ్లు కలిపి, పలచన చేసి వాడాలని. ఆ హోములో బోరు నీళ్లు ఉప్పు. బాత్రూము నేల మీద, గోడల మీద రెండు రోజులకే తెల్లటి ఉప్పు పొర కడుతుంది. దాన్ని వదిలించడానికి యాసిడ్, క్రిములు చావడానికి బ్లీచింగ్ పొడి, రెండూ వాడతారు. ఆయాలు రెండింటినీ 'మందు' అనే అంటారు. ఒకటి సీసా మందు, ఒకటి పొడి మందు. ఈ ప్రాంతంలో రోగానికి వేసుకునేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, సారాయి అంగట్లో దొరికేదీ మందే. ఇంకో ప్రశ్న అడగబోయి వరసలో ఆ దగ్గే ఆయా లేదని గమనించాను.

"ఆమె ఎక్కడ?"

"వెనకాల బాత్రూము కడుగుతాండాది మేడం," అన్నాడు మేనేజరు. "మీరు వస్తారని ఈ దినం మందు డబలు ఏసి కడగమని చెప్పినా. పొద్దున ముందరివన్నీ అయిపోయినాయి. చూడండి, అద్దం మాదిరి ఉంటాయి."

ముందరి బాత్రూములు నిజంగానే మెరుస్తున్నాయి. పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి, జారకుండా చాపలు ఉన్నాయి, పైన వెంటిలేటర్ తెరిచి ఉంది. అతను ఒక్కొక్కటీ చూపిస్తుంటే నేను తల ఊపుతూ నడుస్తున్నాను. వెనక వరండా మలుపు తిరిగామో లేదో ముక్కులోకి ఒక ఘాటు కొట్టింది. ముక్కు కాదు, నేరుగా గొంతు పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏం వాసన ఇది?"

"మందు వాసన మేడం. కడుగుతాండారు కదా, అట్లనే..."

అతని మాట పూర్తి కాకముందే బాత్రూము తలుపు భళ్లున తెరుచుకుని చక్రాల కుర్చీ బయటికి దూసుకొచ్చింది. కుర్చీలో అవ్వ, స్నానానికని తెచ్చి కడిగేదాకా మూలన కూర్చోబెట్టినట్టుంది. ఎవరో లోపలినుంచి బలమంతా పెట్టి తోశారు. కుర్చీ ఎదుటి గోడకు తగిలి ఆగింది. అవ్వ కళ్లు మూసుకుని ఒకటే దగ్గుతోంది, మంచి చేత్తో గాలిని తోసేస్తోంది. తోసిన మనిషి మాత్రం బయటికి రాలేదు.

నా కాళ్లు వాటంతట అవే పరుగెత్తాయి. వయసు, మోకాళ్లు ఏవీ గుర్తు రాలేదు. కొంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టి లోపలికి తొంగి చూస్తే, ఆయా బకెట్టు పక్కన మోకాళ్ల మీద కూలబడి ఉంది. బకెట్లో పసుపుపచ్చగా ఏదో నురగ కక్కుతోంది. పైన వెంటిలేటర్‌కు అట్ట కొట్టేసి ఉంది. ఎండాకాలం వడగాలి రాకుండా కొట్టారట, వానాకాలం వచ్చి సగమైనా ఎవరూ తీయలేదు. ఆమె రెక్క పట్టుకుని ఈడ్చాను. నా గొంతులో నిప్పు పోసినట్టయింది. గడప దగ్గర నా చెయ్యి జారింది, మళ్లీ పట్టుకున్నాను. ఇంకో ఇద్దరు ఆయాలు వచ్చి చెరో పక్క అందుకోకపోతే మేమిద్దరమూ ఆ తడి నేల మీదే పడేవాళ్లం.

"అవ్వను ఎండలోకి తోసుకుపోండి! ఈ పక్క గదుల్లో ఉన్నవాళ్లందర్నీ ముందుకు తీసుకుపోండి! ఎవరూ లోపలికి పోవద్దు, బకెట్టు ముట్టుకోవద్దు!" అని అరిచాను. మేనేజరు నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. "ఏమప్పా చూస్తాండావు? బయటికి పోయి ఆ అట్ట పీకించు!" అంటే అప్పుడు కదిలాడు.

పెరట్లో వేపచెట్టు కింద ఆమెను కూర్చోబెట్టాము. ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. పెదవుల రంగు చూశాను, చాలా భయం వేసింది. వార్డులో ఉన్నన్నాళ్లూ ఆక్సిజన్ సిలిండర్ చేతికందే దూరంలో ఉండేది. ఇక్కడ నా చేతిలో ఒక తడి తువ్వాలు తప్ప ఏమీ లేదు. అవ్వ పక్కనే కుర్చీలో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, "దాన్ని సూడండి, నాకేం కాల్యా, దాన్ని సూడండి" అని అరుస్తోంది.

అంబులెన్సు కోసం ఎదురుచూడకుండా హోము కారులోనే ఇద్దరినీ ఎక్కించాము. అవ్వ ముందు సీట్లో, ఆయా వెనక నా భుజం మీద. డాక్టరు మొదట అడిగేది అదేనని తెలుసు కాబట్టి దారిలోనే అడిగాను.

"ఏం పోసినావమ్మా బకెట్లో?"

"మందు..." దగ్గు. "రెండూ... కలిపినా."

"సీసాదీ పొడిదీనా? ఎందుకు కలిపినావు?"

ఆమె నా వైపు వింతగా చూసింది, అడగకూడనిది అడిగినట్టు. "కలిపి వాడాలని... చెప్పినారు కదమ్మా."

పొద్దున వరసలో నిలబడి అందరూ ఒకే రాగంలో చెప్పిన జవాబు చెవుల్లో గింగురుమంది. వీళ్లలో చాలామంది ఎమ్మిగనూరు, ఆదోని వైపు పత్తి చేలల్లో కూలికి పోయినవాళ్లు. అక్కడ మందు కలపడం అంటే నీళ్లు కలపడం కాదు. ఒక సీసా మందుకు పురుగు చావకపోతే ఇంకో సీసా, దానికీ చావకపోతే మూడోది, అన్నీ ఒకే డ్రమ్ములో పోసి కట్టెతో తిప్పడం. ఎంత ఘాటొస్తే మందు అంత బాగా పనిచేస్తున్నట్టు లెక్క. శిక్షకుడు ఒకటి చెప్పాడు, వీళ్లు ఇంకొకటి విన్నారు, ఇద్దరి నోటా ఒకే మాట. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుడుతుందని ఆ బొమ్మల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ 'కలిపి వాడాలి' అన్నాక ఇంకెవరు వింటారు?

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. అవ్వ కొద్దిసేపటికే తేరుకుంది, కానీ హోముకు పోదామంటే వినలేదు. పక్క మంచం మీది ఆయాను చూసుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ నేను చెప్పినదంతా విని, ఆయా ఛాతీకి ఎక్స్‌రే తీయించి, కఫం కూడా పరీక్షకు పంపింది. నేను కర్నూలులోనే మా బంధువుల ఇంట్లో ఉండిపోయాను. పరీక్షల ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది. నిజంగానే టీబీ కూడా ఉంటే ఏం చేయాలి? నా అనుమానం తప్పయితే మేనేజరే గెలుస్తాడు. అతను గెలవడం నాకు బాధ కాదు, ఆమె ఓడిపోతుంది.

టీబీ లేదు. ఆ గాలి పదే పదే పీల్చి ఊపిరి గొట్టాలు ఒరుసుకుపోయాయి. ముందరి బాత్రూములు కడిగేవాళ్లూ కలుపుతూనే ఉన్నారని ఆయా చెప్పింది, కానీ వాళ్లకు వెంటిలేటర్ ఉంది కాబట్టి కళ్ల మంటతో బయటపడ్డారు. వెనక బాత్రూము ఈమె వంతు. వారంలో ఆమెకు దగ్గు ఎక్కువయ్యే ఆ రెండు రోజులూ కడిగే రోజులే. ఇంకొంచెం ఎక్కువసేపు లోపల ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది.

ఈ కబురు మేనేజరుకు చెబితే మొహం వెలిగింది. "టీబీ కాదా మేడం? ఇంగా మంచిదే. ఆమె తప్పే అని తేలిపోయ. రెండు మందులు కలపమని ఎవురు జెప్పినారు? అవ్వకు ఏమన్నా అయ్యుంటే? ఇట్లాంటోళ్లను పెట్టుకుంటే రేపు హోముకే తాళం పడతాది. ఈ నెలాఖరుకు పంపించేస్తా."

నేను అతన్ని అక్కడే, ఆసుపత్రి వరండాలోనే కడిగేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ అరిస్తే అతను ఇంకా మొండికేస్తాడు. నా నోటికి నేనే తాళం వేసుకోవడం నా జీవితంలో చాలా తక్కువసార్లు జరిగింది. "నువ్వన్నది నిజమే అప్పా," అన్నాను. "తప్పు చేసినోళ్లను పంపించాల్సిందే. పొద్దున ఆయాలందర్నీ పిలిపించు. నేనే అడుగుతా."

పొద్దున మళ్లీ అదే భోజనాల గది, అదే వరస. మేనేజరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయాలు ఒకరినొకరు చూసుకుంటున్నారు. దగ్గే ఆయా కూడా ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చి, చేతిలో మాత్రల పొట్లంతో తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రావచ్చో లేదో ఆమెకు తెలియదు. నేను ఎక్కాలు అడగలేదు. ఒక్కొక్కరిని విడిగా ముందుకు పిలిచి ఒకటే అడిగాను.

"మందు కలపడమంటే ఏంది?"

మొదటామె మేనేజరు వైపు చూసి, "రెండు మందులూ బకెట్లో ఏసి తిప్పేది," అంది.

రెండో ఆమె, "సీసాదీ పొడిదీ కలిపేది. ఒగటే అయితే ఉప్పు పోదు."

మూడో ఆమె నవ్వింది. "మా సేన్లో అయితే మూడు కలుపుతారమ్మా. ఈడ రెండే."

నాలుగో ఆమెను అడగాల్సిన పని లేకపోయింది, వెనకనుంచే తల ఊపుతోంది. వంటావిడ కూడా, ఎవరూ అడగకపోయినా, "అంతే కదా మరి" అంది. గదిలో ఎవరికీ తాము ఏదో తప్పు చెబుతున్నామన్న జంకు లేదు. సరిగ్గా నేర్చుకున్నామనే నమ్మకంతోనే చెబుతున్నారు.

"సరే అప్పా," అన్నాను మేనేజరుతో. "తప్పు అందరిదీ. అందర్నీ పంపించేయి. రేపు పొద్దున మంచాల మీదున్నోళ్లను లేపి స్నానాలు చేయించేది నువ్వూ నేనూ. నేను రెడీ. నువ్వు పంచె పైకి కట్టుకో."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు మొహం ఎర్రబడింది. అంగడి నడిపిన మనిషి కదా, ఏది నిలబడుతుందో ఏది నిలబడదో తెలుసు. "మాట మేమే సరిగ్గా చెప్పల్యా," అన్నాడు చివరికి, నాతో కాదు, వాళ్లతో. అంత మాట అతని నోట వస్తుందని నేను అనుకోలేదు. అతని మీద ఉన్న కోపం సగం అక్కడే పోయింది. తలుపు దగ్గర నిలబడిన మనిషి వైపు తిరిగి, "రామ్మా లోపలికి. మందుల పని వద్దు నీకు. అవ్వను సూసుకో, అంతే," అన్నాడు.

ఆమె ఏడవలేదు. మాత్రల పొట్లం కొంగులో ముడేసుకుని వరసలో వచ్చి నిలబడింది.

అప్పుడు వాళ్లకు నేను చెప్పాను. 'కలపడం' అనే మాటే ఈ హోములో ఇక వద్దన్నాను. సీసా మందు ఒకనాడు, పొడి మందు ఒకనాడు, దేన్నయినా నీళ్లలో పలచన చేసి, కిటికీ తెరిచి వాడాలి. "అవి రెండూ పడని తోడికోడళ్లు అనుకోండి. ఒకే వంటింట్లో పెడితే కొంప కూలుతుంది. ఒకామెను ముందర బీరువాలో పెట్టండి, ఇంకొకామెను వెనక బీరువాలో. దారిలో కూడా ఎదురుపడకూడదు," అంటే ఘొల్లున నవ్వారు. ఒకామె తన తోడికోడలి సంగతి ఎత్తుకుంది. ఆ మాట వాళ్లకు పట్టిందని నాకు నమ్మకం కలిగింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి హాయిగా పీల్చుకున్నాను.

ఆ ఆయా మాత్రం నవ్వలేదు. అందరూ పనుల్లోకి పోయాక నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాకు దగ్గొచ్చింది కలిపినందుకే కదా?"

"అవును. ఇక రాదులే, తగ్గిపోతుంది."

"మా ఇంటాయప్పకి గూడా దగ్గే. పోయినేడాది నుంచి. బీడీలు తాగుతాడు కదా, దానికేలే అనుకుంటిమి. ఆయప్ప సేన్లో కలుపుతాడు. పత్తికి. గుడ్డ గూడా కట్టుకోడు మొగానికి. అది గూడా ఇదేనా అమ్మా?"

అది వేరు, ఇది వేరు అని చెప్పవచ్చు. అది నిజమే కూడా. నా పని ఈ గోడల లోపలి మనుషుల గురించి, చేనుకు నా రిపోర్టులో చోటు లేదు. కానీ ఆమె కళ్లల్లోకి చూస్తూ తప్పించుకోబుద్ధి కాలేదు. "ఇదే కాదు. దీనికంటే చెడ్డది కూడా కావచ్చు," అన్నాను.

ఆమె రవికలోంచి ఫోను తీసి అక్కడే నొక్కింది. "ఏమప్పా, యాడుండావు?... మందు కొడతాండావా?... పొద్దువాలినాంకనా? కలిపినావా?... కలపొద్దప్పా. నేను చెప్తాండా కదా, కలపొద్దు. ఊపిరి పట్టుకుంటాది. ఆస్పత్రిలో చెప్పినారు..." అవతలి నవ్వు నాకూ వినిపించింది. ఆమె ఫోను కిందికి దించింది. "నగుతాండాడు. దుడ్లు పెట్టి తెచ్చినేది పారబోయమంటావా అంటాండాడు."

ఆ తర్వాత నన్ను అడిగింది. "అమ్మా, ఈ ఒక్క దినం నాకు సెలవు ఇప్పియ్యమ్మా. రేపు పొద్దునకంతా వస్తా."

ఏ మనిషి పని నిలబడాలని నేను నిద్ర మానుకున్నానో ఆ మనిషి, పని దక్కిన గంటలోనే సెలవు అడుగుతోంది. మేనేజరు ఏమంటాడో నాకు తెలుసు. అన్నాడు కూడా. "చూసినారా మేడం? అప్పుడే." నేను బస్టాండుకు పోయే ఆటో పిలిచి ఆమెను ఎక్కించాను. ఆ రోజు అవ్వకు నీళ్లు పోసింది నేను. ఇంకొకరి చెయ్యి పడనీయనని పంతం పట్టిన అవ్వ, విషయం వినగానే, "పోనీలే, మొగుడు బతకాల గదా," అని నా చేతికి ఒళ్లు అప్పగించింది. పాత నర్సునే అయినా లేపేటప్పుడు నా నడుము కలుక్కుమంది.

సాయంత్రం కడప బస్సులో ఉండగా ఆమె ఫోను వచ్చింది. బస్సు నంద్యాల దాటింది. అద్దాల మోత, పక్కసీట్లో ఎవరో పెద్దగా మాట్లాడుతున్నారు. చెవికి గట్టిగా ఆనించుకుని, "ఏమైంది? మందు కొట్టినాడా?" అని అరిచాను.

అవతలనుంచి ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత చిన్నగా దగ్గు.

"ల్యామ్మా. నేను పోయేపాటికి డ్రమ్ములో కలిపి పెట్టినాడు. ఎంత చెప్పినా ఇనల్యా. కాలితో తన్ని పారబోసినా. మందు కొట్టల్యా అమ్మా. నన్ను కొట్టినాడు. కొట్టనీలే. పొద్దున డ్యూటీకి వస్తానని సార్‌కు చెప్పమ్మా."